కడలి వారి తూము

మురుగునీరు వీధిలోకి వదిలెయ్యడానికి మా ఊళ్ళో ఎవరి అనుమతీ అక్కర్లేదు. నలభై ఏళ్ళుగా అందరూ వదులుతున్నారు, ఇదేమిటయ్యా అని అడిగిన నాథుడు లేడు. అదే నీటిని బుద్ధిగా భూమిలోంచి పంపుకుందామనుకుంటే మాత్రం నాలుగు శాఖలు జీపులేసుకుని దిగుతాయి. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే నేనూ నలుగురితోపాటు వీధిలోకి వదిలేసి, అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు కాగితం మిల్లులో ఫిట్టరుగా చేశాను కదా, గొట్టాల సంగతి నాకు తెలియనిదేముందని పొగరుపడ్డాను. గొట్టాల సంగతి తెలుసు. ఆఫీసుల సంగతి తెలియదు.

మా బాత్రూం నుంచి పెరడు దాటి వీధి కాలవ దాకా ఇరవై నాలుగడుగుల మట్టి గొట్టం ఒకటి భూమిలో ఉంది. ఇల్లు కట్టిన నాటిది, నాకంటే రెండేళ్ళు చిన్నది. పక్కింటి పల్లయ్య గారి కొబ్బరిచెట్టు వేళ్ళు అతుకుల్లోంచి లోపలికి దూరి దాన్ని నాలుగు చోట్ల చీల్చేశాయి. బాత్రూంలో నీళ్ళు పోస్తే సగం వెనక్కి తన్నేవి, సగం గోడ కిందనుంచి పల్లయ్య గారి పెరట్లోకి ఊరేవి. మారుస్తాను, మారుస్తాను అంటూ నేను నాలుగేళ్ళు నెట్టుకొచ్చాను. ఆ పాపం నాదే. మొన్న మాఘమాసంలో ఒక ఉదయం మా ఆవిడ అనసూయ ఆ వెనక్కి తన్నిన నీళ్ళలో కాలు జారి పడింది. తొంటి విరిగింది.

పట్నం ఆసుపత్రిలో ఆపరేషను చేసి కొత్త కీలు వేశారు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి నిష్కర్షగా చెప్పాడు. ఇకమీదట గొంతుక్కూర్చోకూడదు, కమోడు తప్ప వాడకూడదు, నేల మీద చుక్క తడి ఉండకూడదు. "ఇంకోసారి జారితే మాత్రం నన్ను అడక్కండి" అన్నాడు. పన్నెండు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కమోడు. దాని నీళ్ళు పోవాల్సింది ఆ గొట్టంలోంచే.

"ఏవండీ, ఊరందరి గొట్టాలూ బాగుచేశారు, ఇంటి గొట్టం దగ్గరకొచ్చేసరికి మీకు చెయ్యి రాలేదు" అంది అనసూయ మంచం మీంచి. "మళ్ళీ ఆ తడిలో అడుగుపెట్టమంటే నా వల్ల కాదండీ. నాకు భయం. నేనొచ్చేసరికి మార్చెయ్యండి." ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నోట భయం అనే మాట నేను వినడం అదే మొదలు.

మర్నాడు అనసూయ చెల్లెల్ని తోడుంచి, బస్సెక్కి ఇంటికొచ్చాను. నాలుగంగుళాల పీవీసీ గొట్టాలు, రెండు బెండులు, అతుకులకి సొల్యూషను డబ్బా తెచ్చుకున్నాను. రెండు రోజుల పని. గునపం ఎత్తి మొదటి పోటు వేశానో లేదో, ప్రహరీ అవతల సైకిలు ఆగింది. వార్డు ఆఫీసు మనిషి.

"అనుమతి తీసుకున్నారాండీ?"

"నా పెరడయ్యా ఇది."

"పెరడు మీదేనండి. లోతు మాదండి" అన్నాడతను.

మున్సిపల్ ఆఫీసుకి పోయాను. గుమ్మానికి పెద్ద బ్యానరు కట్టి ఉంది. 'తేట తెలుగు పక్షోత్సవములు. పరభాషా పదములు గల అర్జీలు స్వీకరింపబడవు.' దాని కింద హెడ్ గుమాస్తా ఫణీంద్రం గారు ఎర్ర కలం పట్టుకుని కూర్చున్నారు. నేను రాసుకెళ్ళిన కాగితం ఆయన ముందు పెట్టాను. మా బాత్రూం డ్రైనేజీ పైపు రిపేరుకి పర్మిషన్ ఇప్పించవలెనని అందులో ఉంది. ఆయన ఒక్కో మాట కిందా గీత గీస్తూ పోయారు. చివరికి నా పేరూ, 'ఇప్పించవలెను' అనే మాటా మిగిలాయి.

"సారీ అండి, రిజెక్ట్" అన్నారు. "ఈ ఫిఫ్టీన్ డేస్ ఒక్క ఇంగ్లీష్ వర్డ్ కూడా ఎలౌ చెయ్యొద్దని కమిషనర్ గారు సర్క్యులర్ ఇష్యూ చేశారు. స్ట్రిక్ట్‌గా ఇంప్లిమెంట్ చేస్తున్నాం."

ఆ మాటల్లో తెలుగు ఏరుకోవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"మురుగు గొట్టం అని రాయనా?"

ఆయన మొహం చిట్లించారు. "గొట్టం అంటే చీప్‌గా ఉంటుందండి. నువ్వేం గొట్టంగాడివి అంటారు కదా జనం. రేపు ఫైలు కమిషనర్ గారి టేబుల్ మీదకెళితే ఆయన తననే అన్నారనుకుంటారు. మురుగు కూడా వద్దు. ఉత్సవాలు జరుగుతుంటే మురుగేమిటండీ?" అని సొరుగులోంచి లావుపాటి నిఘంటువు తీసి, వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పారు. "తూము! ప్యూర్ తెలుగు. తూము మార్పు అని రాయండి."

నాకూ బాగానే ఉందనిపించింది. ఇంట్లో నీళ్ళు పోయే కన్నాన్ని మా అమ్మ తూమనే అనేది. 'కడలి వీరభద్రం అను నేను మా తూమును మార్చుకొనుటకు అనుమతి వేడుకొనుచున్నాను' అని రాసి సంతకం పెట్టాను. బాత్రూం అనే మాటకి అచ్చ తెలుగు ఇద్దరికీ తట్టలేదు, వదిలేశాం. ఫణీంద్రం గారు కాగితం చూసి "ఎక్సలెంట్" అన్నారు.

రెండు రోజులాగి వెళ్ళాను. అనుమతి సిద్ధంగా ఉంటుందనుకున్నాను.

"మీ ఫైలు క్లియర్ చేసేశామండి" అన్నారు ఫణీంద్రం గారు. "తూములు మా జ్యూరిస్‌డిక్షన్ కాదు. ఇరిగేషన్ వాళ్ళవి. ఫార్వర్డ్ చేశాం."

"ఇరిగేషనేమిటండీ బాబూ! అది మా బాత్రూందండీ!"

"బాత్రూమని మీరు మెన్షన్ చెయ్యలేదు కదా."

"ఇంగ్లీషని మీరు రాయనివ్వలేదు కదా!"

"చూశారా, ఇప్పుడు కూడా ఇంగ్లీషే వాడుతున్నారు" అని ఆయన విచారంగా తల ఊపారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాది గోదావరి కాలవ కింద ఊరు. మా వైపు తూము అంటే కాలవ గట్టులోంచి పొలాలకి నీళ్ళు వదిలే తూము. అది చిన్న వస్తువు కాదు. తూము దగ్గర తలుపు జానెడు ఎత్తినందుకు అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నారు. అందుకని నా అర్జీ ఇరిగేషను ఆఫీసులో పడగానే అక్కడ కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. ఎవడో కడలివాడు పంటకాలంలో తూము మార్చేస్తున్నాడు!

మూడో రోజున జీపు మా ఇంటి ముందు ఆగింది. డీఈ గారు, అంటే ఇరిగేషను డిప్యూటీ ఇంజనీరు, దిగారు, వెనక టేపు పట్టుకుని ఒకరు, గొడుగు పట్టుకుని ఒకరు. ఆయన బూట్లనిండా ఇసక.

"కడలి అని రాశారు, సముద్రం మొగలో తూమేమో అనుకున్నాం" అన్నారాయన చిరాగ్గా. "రెండు రోజులు తీరం వెంబడి వెతికాం. ఇంటిపేరని ముందే చెప్పొద్దా?"

నేను క్షమాపణ చెప్పుకున్నాను. మా తాతలు పెట్టుకున్న పేరు, వాళ్ళకి ఇరిగేషను శాఖ గురించి ముందుచూపు లేకపోయింది. తర్వాత ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి సంగతంతా విప్పి చెప్పాను. ఇది వట్టి మురుగు గొట్టమండీ, మా ఆవిడ ఆసుపత్రిలో ఉందండీ, ఇంకా వారమే ఉందండీ, కావాలంటే వాసన చూడండి అన్నాను.

"వాసన మా శాఖ పరిధిలోది కాదు" అన్నారు డీఈ గారు. "నీరు ఒక చోట పుట్టి, తూములోంచి పారి, దిగువన పంటకి చేరుతోందా లేదా? అదొక్కటే శాఖ చూస్తుంది. ఎగువన ఏముంది?"

"బాత్రూం."

"రాసుకోవయ్యా. పరీవాహక ప్రాంతం, ఆరడుగులు బై ఎనిమిదడుగులు. దిగువన?"

దిగువన గోడ అవతల పల్లయ్య గారు నిలబడి ఉన్నారు. నాలుగేళ్ళుగా మా నీళ్ళు ఊరడం వల్ల ఆయన పెరట్లో ఆరు అరటి బోదెలు, ఒక చేమ మడి, ఒక కరివేపాకు చెట్టు పచ్చగా ఎదిగి ఉన్నాయి. ఆ నాలుగేళ్ళూ ఆయన కంపు కంపు అని గోడ మీంచి నన్ను తిట్టని రోజు లేదు.

"ఈ పంటకి నీరు ఎక్కణ్ణించి వస్తోంది?" అని అడిగారు డీఈ గారు.

పల్లయ్య గారు గాలి ఎటు వీస్తోందో కనిపెట్టగల మనిషి. ఒక్క క్షణం ఆలోచించి, పైకండువా తీసి రెండు చేతులూ జోడించారు. "తూము నీళ్ళ మీదే బతుకుతున్నామండి. తవరే కాపాడాలండి."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాట్ట ఇంకొకడు!

డీఈ గారు గొంతు సవరించుకున్నారు. "ఇన్నాళ్ళూ రికార్డులకెక్కకుండా నడిచిన ఈ తూమును శాఖ ఈ రోజు నుంచి గుర్తిస్తోంది. అభినందనలు. పంటకాలంలో తూమును మార్చడం, మూయడం, కదిలించడం చట్టరీత్యా నేరం. దాళ్వా వరి కోతలయ్యాక ఏప్రిల్ నెలాఖరున కాలవలు కట్టేస్తాం. అప్పుడు మార్చుకోండి."

"ఏప్రిల్ దాకా మా ఆవిడ ఎక్కడికెళుతుందండీ?" అని అరిచాను.

"ఎగువ ప్రాంతం సమస్యలు వేరే ఫైల్లో చూస్తాం" అని ఆయన జీపెక్కారు.

మంచి పనికి మా ఊళ్ళో ఏడాది పడుతుంది. ఇలాంటి పనికి ఒక్క పూట చాలు. మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే ఖాకీ నిక్కరు మనిషొకడు చంకలో రిజిస్టరుతో వచ్చి దణ్ణం పెట్టాడు. పేరు అబ్బులు. కాలవల మీద తూములు ఎత్తి దించే లస్కరు, ముప్ఫై రెండేళ్ళ సర్వీసు. మా తూము మీద డ్యూటీ వేశారట. బాత్రూం గోడకి అంగుళాల గీతలు తెల్ల రంగుతో గీసి, గుమ్మం దగ్గర పీట వేసుక్కూర్చున్నాడు.

"తవరు స్తానం కానివ్వండి. ఎంత నీరు వత్తాదో నేను రాసుకుంటాను, ఆయ్" అన్నాడు.

"తలుపేసుకోవచ్చా?"

"రీడింగప్పుడు మాత్రం తియ్యాలండి."

మూడు రోజులు నేను లస్కరు సమక్షంలో స్నానం చేశాను. మూడో రోజు సాయంత్రం తాఖీదు వచ్చింది. 'సదరు తూమునకు ఎగువ ప్రాంతము నుండి నీటి రాక సగమునకు పడిపోయినట్లు గేజీ లెక్కల వలన విదితమగుచున్నది. ఆయకట్టు రైతాంగము తీవ్ర ఆందోళనలో నున్నది. ఇందుకు గల కారణములు తెలుపవలసినది.' ఆందోళనలో ఉన్న రైతాంగం గోడ అవతల పడక్కుర్చీలో వక్క నములుతోంది. పరీవాహక ప్రాంతంలో సగభాగం తొంటి విరిగి ఆసుపత్రిలో ఉందని నేను జవాబు రాశాను. పళ్ళు కొరుక్కుంటూ రాశాను. దానికి తిరుగు టపాలో ఆజ్ఞ వచ్చింది. సదరు భాగము తిరిగి చేరునంతవరకు మిగిలిన భాగము పూటకొకటి చొప్పున రెండు స్నానములు చేయవలెను.

ఆసుపత్రికి ఫోను చేసి అనసూయకి ఇదంతా చెప్పాను. నవ్వుతుందేమోనని చెప్పాను. నవ్వలేదు. "గొట్టం మార్చారా?" అని అడిగింది. లేదన్నాను. "ఎల్లుండి పంపించేస్తామంటున్నారండీ" అని ఫోను పెట్టేసింది.

ఇంత జరుగుతుంటే గోడ అవతల నీటి సంఘం ఎన్నికలు కూడా అయిపోయాయి. ఓటరు ఒక్కడే కాబట్టి పల్లయ్య గారు అధ్యక్షుడిగా ఏకగ్రీవం. దండలేసుకుని, గోడ మీంచి నన్ను పిలిచి, ఎగువవాళ్ళు దిగువవాళ్ళ కడుపు కొట్టడం న్యాయం కాదని ఉపన్యాసమిచ్చారు. నాలుగేళ్ళు కంపు అన్న నోటితోనే నీళ్ళు చాలడం లేదన్నారు. గోడ మధ్యలో లేకపోతే ఆ పూట ఏం జరిగేదో నేను చెప్పలేను.

మర్నాడు జలహారతి. కాలవకి నీళ్ళు వదిలేటప్పుడు మా వైపు గంగమ్మకి పసుపు కుంకుమలిచ్చి, చీర, సారె నీళ్ళలో వదలడం ఆనవాయితీ. కొత్త తూముకి ఆ మర్యాద జరిపించి తీరాలని సంఘం తీర్మానించిందట. పొద్దున తొమ్మిదింటికి సన్నాయి మేళంతో డీఈ గారు, మున్సిపాలిటీ తరపున పట్టుపంచెలో ఫణీంద్రం గారు, అధ్యక్షుల వారు, ఒక పురోహితుడు మా పెరట్లోకి దిగారు. పెరట్లో గొట్టం మీదున్న ఛాంబరు, అంటే మురుగు గొయ్యి, మూత తీసి, చుట్టూ ముగ్గేశారు. లోపల ఏమున్నదీ అందరికీ తెలుసు. ముక్కులకి కండువాలు అడ్డం పెట్టుకుని మరీ దణ్ణాలు పెట్టారు.

"గంగే చ యమునే చైవ" అని మొదలుపెట్టి పురోహితుడు రెండుసార్లు దగ్గి ఆగిపోయాడు. ఆయన ఒక్కడికే కొంచెం సిగ్గున్నట్టు కనిపించింది.

"జలమే జీవనాధారం" అన్నారు డీఈ గారు. "చిట్టచివరి ఎకరానికి నీరందించడమే శాఖ ధ్యేయం." తర్వాత రాణిరంగు చీర, గాజులు, అరటిపళ్ళ గెల ఛాంబరులోకి వదిలారు. కొబ్బరికాయ కొట్టి ఆ చిప్పలు కూడా వదిలారు. అందరూ చప్పట్లు కొట్టి, నేను పెట్టిన కాఫీలు తాగి వెళ్ళిపోయారు.

అప్పటిదాకా సగమైనా పారిన గొట్టం పూర్తిగా బిగిసిపోయింది. చెంబెడు నీళ్ళు పోస్తే చెంబెడూ వెనక్కి వచ్చాయి, పైగా పసుపు రంగుతో. బాత్రూంలో మడమల లోతు నిలిచింది. రేపు మధ్యాహ్నం అనసూయ వస్తుంది. గుమ్మంలో చతికిలబడిపోయాను. అరవై మూడేళ్ళవాణ్ణి, ఒక లస్కరు ముందు ఏడిచాను.

అబ్బులు రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు. తర్వాత బీడీ ఆర్పి మెల్లిగా అన్నాడు. "బాబుగారూ, తూము కదపాలంటే పర్మిసను కావాలండి."

"తెలుసయ్యా."

"గండి పడితే అక్కర్లేదండి."

నేను తలెత్తాను.

"గండి పడితే ఎవురు దగ్గరుంటే ఆళ్ళు యెంటనే పూడ్చెయ్యాలండి. పూడ్చకపోతేనే కేసు. కాయితాలు తరవాత, ఆయ్." అతను లేచి నిక్కరు దులుపుకున్నాడు. "నేను టీ తాగి రావాలండి. నేనొచ్చేతలికి గండి పడకుండా ఉంటే బాగుణ్ణు అనుకుంటన్నాను."

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగాను. గునపం రెండు చేతులా ఎత్తి, పెరటి మధ్యలో గొట్టం ఎక్కడుందో అక్కడ దించాను. పెళ్ళుమంది. చెప్పుకోకూడదు గానీ, మూడు పోట్లు ఎక్కువే వేశాను. నల్లటి నీళ్ళు ఎగజిమ్మి పెరడంతా పరుచుకున్నాయి. గోడ అవతలనుంచి అధ్యక్షుల వారు "గండి! గండి!" అని అరుస్తూ చెంబు పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తారు.

ఇక నా పని నాది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇరవై నాలుగడుగుల పొడుగునా మోకాలి లోతు తవ్వాను. అబ్బులు వచ్చి, గండి పూడికలో సాయపడటం లస్కరు విధి అని చెప్పి, చొక్కా విప్పి పార పట్టుకున్నాడు. పాత గొట్టం పెంకులుగా ఊడి వచ్చింది. కొబ్బరివేళ్ళు జడలు కట్టి ఉన్నాయి. వాటి మధ్య రాణిరంగు చీర. అన్నీ పైకి లాగి, అడుగున ఇసక పరిచి, లెవెల్ ట్యూబు పట్టి వాటం, అంటే వాలు, చూసుకున్నాను. అడుగుకి పావంగుళం వాటం. అంతకంటే తక్కువైతే నీరు నిలుస్తుంది, ఎక్కువైతే నీరు ముందు పరిగెత్తి మడ్డి వెనక ఉండిపోతుంది. ఈ పావంగుళం సంగతి ఆ వచ్చినవాళ్ళలో ఒక్కడికీ తెలియదు, అయినా అందరూ సంతకాలు పెట్టగలరు! పొద్దు వాలేసరికి అతుకులన్నీ అయిపోయాయి. మర్నాడు ఉదయం రెండు బకెట్ల నీళ్ళు ఒకేసారి పోసి చూశాను. గుడగుడమనకుండా జారిపోయాయి. మట్టి కప్పి, బాత్రూం కడిగి, నాలుగు పాత దుప్పట్లతో నేల తుడిచాను.

మధ్యాహ్నం అనసూయ వచ్చింది. వాకరు పట్టుకుని బాత్రూం గుమ్మం దాకా నడిచి ఆగింది. ఒక చెప్పు వదిలి, బొటనవేలితో నేల తాకి చూసింది. పొడిగా ఉంది. నా వైపు తిరిగి నా భుజం మీద చెయ్యి వేసింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నాకు అలాంటి మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ గండి పడితే లస్కరు పైకి రాయాలి. అబ్బులు నిజాయితీగల మనిషి, 'గండి పడినది, పూడ్చబడినది' అని రాశాడు. పై ఆఫీసు మొదటి సగం చదివి రెవిన్యూకి పంపింది. గండి పడితే ముంపు ఉంటుంది. ముంపు ఉంటే బాధితులుంటారు. బాధితుల్ని తరలించాలి.

రెండు రోజుల తర్వాత, దుమ్ము లేచిపోతున్న ఎండలో, మా వీధిలోకి ఒక లారీ వచ్చింది. దాని మీద పడవ. పడవలో నారింజ రంగు చొక్కాలతో నలుగురు. ముందు సీట్లోంచి ఆర్ఐ గారు, అంటే రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, అట్ట పట్టుకుని దిగారు.

"ముంపు బాధితులు ఇద్దరు. కడలి వీరభద్రం, అనసూయ. పడవెక్కండి. ఎలిమెంటరీ స్కూల్లో పునరావాసం ఏర్పాటైంది, పులిహోర పొట్లాలు కూడా సిద్ధం."

"ముంపెక్కడుందండీ?" అన్నాను. నా చెప్పుల కింద నేల బీటలు తీసి ఉంది.

"ముంపు ఉందా లేదా అని చెప్పడానికి మీరెవరండీ? రిపోర్టుంది."

"ఆ స్కూల్లో కమోడుందా?"

ఆయన కాగితాలు తిరగేశారు. "మరుగుదొడ్లు మంజూరు దశలో ఉన్నాయి. మైదానముంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. తొంటి విరిగిన మనిషిని పడవలో కూర్చోబెట్టి ఎండలో ఊరేగించి మైదానంలో దింపుతారా, మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేరా అని ఏమేమి అన్నానో నాకే తెలియదు. వీధంతా జమ అయింది. ఆర్ఐ గారు ఓపిగ్గా విని, అట్ట చూపించారు. అందులో గళ్ళు రెండే ఉన్నాయి. ఒకటి 'తరలించబడినవారు'. రెండోది 'గల్లంతైనవారు'.

"మూడో గడి లేదండి. మీ ఆవిడగారు ఎక్కడ?"

"బాత్రూంలో ఉంది."

"ఎంతసేపు పడుతుంది?"

లోపలినుంచి అనసూయ గొంతు గట్టిగా వినిపించింది. "పడవ బాత్రూంలో పట్టేట్టుంటే తెమ్మనండి. లేకపోతే పొమ్మనండి. నేను రాను!"

"ఎక్కకపోతే గల్లంతు అని రాయాల్సొస్తుందమ్మా" అని కేకేశారు ఆర్ఐ గారు.

"రాసుకో నాయనా!"

ఆయన రాసుకున్నారు. వరదలో గల్లంతు, కడలి అనసూయ, వయసు యాభై ఎనిమిది, గాలింపు కొనసాగుతున్నది. "నా పేరు కూడా అందులోనే రాయండి" అన్నాను. "ఎలా రాస్తామండీ? ఎదురుగా నిలబడి నన్ను తిడుతున్నారు కదా. సోమవారం ఆఫీసుకి వచ్చి వాంగ్మూలం ఇవ్వండి, మంగళవారం డీఈ గారి దగ్గర, బుధవారం మున్సిపాలిటీలో" అని మూడు తాఖీదులు నా చేతిలో పెట్టి లారీ ఎక్కారు.

ఫ్లష్ చప్పుడైంది. ఒక్క గుడగుడ లేదు. వాకరు టకటకలాడించుకుంటూ అనసూయ బయటికొచ్చింది. గుమ్మంలో ఆగి నా చేతిలో కాగితాలు చూసింది.

"మీకు మూడా?" అంది. "నాకేమిచ్చారు?"

"నీకేమీ లేదే. నువ్వు గల్లంతయ్యావు. గల్లంతైనవాళ్ళని ఏ ఆఫీసుకీ పిలవరట."

తొంటి విరిగిన రోజు నుంచి మొదటిసారి ఆవిడ నవ్వింది. గోడ పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"అయితే ఇంకా నుంచున్నారేమండీ?" అంది. "లారీ ఇంకా సందు మలుపు తిరగలేదు, మీరూ గల్లంతని రాయించుకుందురుగానీ పరిగెత్తండి!"

చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాను.